పన్నెండో గొర్రెపిల్ల

మా బడి వెనక ఒక బండ ఉంది.
దాని మీద నిలబడి కుడిచెయ్యి పైకెత్తితే
ఫోనులో రెండు గీతలు వెలుగుతాయి.
ఎడమచెయ్యి ఎత్తితే ఒకటే. ఎందుకో ఎవరికీ తెలీదు.

ఆగస్టు. లెసోతో కొండల్లో ఇంకా చలికాలమే.
దుప్పటి భుజం దగ్గర పిన్ను పెట్టుకుని బండెక్కాను,
పోయిన వారం నేను రాసిన పాఠం చూసుకుందామని.
తలో లోయలో ఉన్న ఏడుగురు లెక్కల టీచర్లం
ఏడాదిగా ఒకే కాగితం మీద రాసుకుంటున్నాం.
కాగితం అంటున్నాను గానీ
అది ఎక్కడుందో చేత్తో చూపించలేను.
అందులో ఒక్కొక్కరిదీ ఒక్కో రంగు. నాది నారింజ.

"అరతో భాగిస్తే ఎక్కువెలా అవుతుంది టీచర్?"
పదిహేనేళ్ళుగా పిల్లలు అడుగుతున్నారు,
పదిహేనేళ్ళుగా సుద్దముక్క విరిచి తప్పించుకుంటున్నాను.
ఈసారి రొట్టెతో చెప్పాను.
ఆరు రొట్టెలు, మనిషికి అర, పన్నెండు మంది తింటారు.
బొమ్మ కూడా వేశాను, పొగలు కక్కే రొట్టె.

చూస్తే అది లేదు.

రొట్టె ఉన్న చోట తెల్లటి ఖాళీ.
ఎవరు తుడిచారో ఆ కాగితం దాచదు:
ఆకుపచ్చ రంగు, లెరెకో, మొఖోట్లాంగ్, రాత్రి పదకొండూ నలభై.
ముఖమైనా చూడని మనిషి!
పాత ప్రతిని వెనక్కి తెచ్చే మీట మీద వేలు పెట్టాను.
చలికి వేలు మొద్దుబారింది, తెర కదల్లేదు.
ఆ ఆలస్యంలో ఆయన మాట కంటబడింది:

"అమ్మా లికెలేలీ, నా తరగతిలో పదకొండు మంది
పొద్దున ఏమీ తినకుండా వచ్చారు.
రొట్టె గీశాక లెక్క ఎవరూ చూడలేదు, రొట్టెనే చూశారు.
అడక్కుండా తుడిచాను. కోపగించుకోకండి."

నా తరగతిలో ఎందరు తినకుండా వస్తారో
నేనెప్పుడూ లెక్కపెట్టలేదు.
లెక్కల టీచర్ని.

వేలు తీశాను. "తాడు పెడదామా?" అని రాశాను.
ఆరు బారల తాడు. గొర్రెపిల్లకి అరబార.
ఎన్నిటిని కట్టొచ్చు?
నా అక్షరాల పక్కనే ఆకుపచ్చ గీత మిణుకుమంది.
ఆయనా ఏదో బండెక్కి నిలబడే ఉన్నాడన్నమాట.
"పన్నెండు. మా కాపరి కుర్రాళ్ళు నవ్వుతారు, ఇంతేనా అని."

అంతలో ఊదారంగు, కాచాస్ నెక్ నుంచి మోలియేహి.
ఆమె ఎప్పుడూ ఒక్క ముక్కే రాస్తుంది.
"మరి ముళ్ళకి పోయే తాడో?"

కాసేపు ఎవరం ఏమీ రాయలేదు.
మూడు రంగుల గీతలు ఆరుతూ, వెలుగుతూ.

ఇవాళ నిజం తాడే పట్టుకెళ్ళాను.
మొట్లాట్సి బారలు కొలిచాడు, కత్తి వాళ్ళన్నది.
ముడికి బెత్తెడు కలిపి మరీ కోశాడు.
పక్క దొడ్డిలో పదకొండు గొర్రెపిల్లల్ని కట్టారు.
పన్నెండోదానికి జానెడు కూడా మిగల్లేదు.
అది గోడ దూకి మంచులో పడి పరుగు,
దాని వెనక తరగతి మొత్తం పరుగు.

"ఆరుని అరతో భాగిస్తే?" వెనకనుంచి అరిచాను.
"పన్నెండు!" పరిగెడుతూనే అరిచారు,
"ముడెయ్యకపోతే!"

మళ్ళీ బండెక్కుతున్నాను.
కుడిచెయ్యి పైకెత్తాలి. రాయాలి,
మిగతా ఆరుగురికీ,
పన్నెండోదాన్ని ఎవరైనా ముందే గట్టిగా పట్టుకోమని.