పదిహేడు అంగుళాలు

పలమనేరు కోర్టులో నా పని
ఇతరుల ప్రమాణాలను షార్ట్‌హ్యాండ్‌లో దించుకోవడం.
చిత్తూరులో పొద్దున్నే బయల్దేరి
పొద్దుగూకినాక తిరిగొస్తాను.
నడుమ మొగిలి ఘాట్.

ఆరేళ్ళ జీతంలో మిగిల్చింది పెట్టి
బెంగళూరు డాక్టరొకాయన దగ్గర
ఈ పసుప్పచ్చ టర్బో కారు కొన్నాను.
"ఒంటి ఆడమనిషికి రెండొందల గుర్రాలెందుకమ్మా?"
బార్‌రూములో ఎవరో అన్నారు.
అది మాత్రం నేను రికార్డు చెయ్యలేదు.

కార్తీకంలో వాన పట్టుకుంది.
మూడో మలుపు దగ్గర నిలిచిన నీళ్ళ మీద
ఒక్క క్షణం స్టీరింగు తేలికైంది,
గంగజాతరలో పట్టుకున్న పిల్ల చెయ్యి జారినట్టు.
ఆ తేలిక ఇంటికొచ్చినా
అన్నం కలుపుతున్నా
వేళ్ళల్లోనే ఉంది.

గ్రీమ్స్‌పేటలో దస్తగిరి టైర్ల కొట్టు.
అందరూ కారు చుట్టూ తిరుగుతారు,
ఆయన గొంతుక్కూచున్నాడు.
అద్దంలా మెరిసే పద్దెనిమిది అంగుళాల చక్రాన్ని చూళ్ళేదు,
టైరు పక్కన అచ్చయిన నాలుగంకెలు చదివాడు.
"ముప్పై రెండో వారం, పంతొమ్మిదో సంవత్సరం.
దీని పుట్టినరోజు ఇది మేడం.
గాడి ఉండాది గానీ రబ్బరు ముసిల్దయిపోయింది."
నొక్కి చూడమన్నాడు.
నా గోరే వంగింది.

ఫోన్లో చూసుకుని వెళ్ళాను నేను,
చలికాలపు టైర్లంట, మంచులో పట్టంట.
చూపిస్తే నవ్వలేదాయన.
"ఇవి నీళ్ళు గడ్డకట్టే దేశాలవి.
మన ఎండకి మైనం మాదిరి అరిగిపోతాయి.
మనకి చలికాలమంటే ఏందనుకున్నారు? నీళ్ళే.
తుఫాను పేరు ఏటేటా మారతాది,
మొగిల్లో గుంట మారదు."

తర్వాత అరచెయ్యి నేలమీద ఆనించాడు.
"మీ కారు మొత్తం భూమిని తాకేది ఇంత.
ఇట్లాంటివి నాలుగు.
మీ గుర్రాలన్నీ వీటి మీదే నిలబడాల."

పదహారు వేద్దామన్నాడు.
అట్టముక్క గుండ్రంగా కత్తిరించి బ్రేకు మీద పెడితే
కాలిపర్ తగిలింది, గోరంత.
"అయితే పదిహేడు.
కొంచెం సన్నం, పక్కగోడ కొంచెం ఎత్తు."
"సన్నమైతే పట్టు తగ్గదా?"
"ఎండలో తగ్గతాది.
నీళ్ళలో వెడల్పుది తేలతాది, సన్నది కోస్తాది.
మీరు వంకాయ కత్తిపీటతో కోస్తారా, పళ్ళెంతో కోస్తారా?"

అందం పోతుందని చెప్పడానికి సిగ్గేసింది.
బూడిదరంగు చక్రాలు, ఐదు పుల్లలు,
ఏ టాక్సీకైనా ఉండేవే.
పట్టుచీర కట్టుకుని హవాయి చెప్పులేసుకున్నట్టుంది కారు.
(వానలో పెళ్ళికి పోయేటప్పుడు నేను చేసేదీ అదే.)

బ్యాలెన్సింగు మిషన్ దగ్గర ఆయన కూతురు నస్రీన్,
చెవిలో పెన్సిలు.
చక్రం తిప్పి, ఆపి,
ఇరవై గ్రాముల సీసం ముక్క
లోపలివైపు అంటించింది.
"బయటికి కనపడకూడదు గదా మేడం."
నా గీర
బార్‌రూముకు తెలీదు, ఆ పిల్లకు తెలిసింది.

మార్గళిలో ఒక సాయంత్రం.
మంచూ వానా కలిసి లైట్ల ముందు తెల్లటి గోడ.
గోడలోంచి హఠాత్తుగా టమోటా లారీ,
అడ్డంగా,
పెట్టెలు పగిలి రోడ్డంతా ఎర్రగా.
తొక్కాను.
టైర్ల కింద నీళ్ళు గుడ్డ చించినట్టు చప్పుడు.
తర్వాత చప్పుడు లేదు.
లారీకీ నాకూ మధ్య ఎంత మిగిలిందో కొలవలేదు,
షార్ట్‌హ్యాండ్‌లో ఒక గీతంత ఉండొచ్చు.

కాళ్ళు వణుకుతుంటే దిగాను.
క్లీనరు టమోటాలేరుతూ నన్ను చూడనేలేదు.
ముందు టైరు మీద చెయ్యి వేశాను.
అంత వానలోనూ వెచ్చగా ఉంది.

పాత చక్రాలు నాలుగూ జంపఖానాలో చుట్టి
మంచం కిందికి తోశాను, ఎండాకాలానికి వేద్దామని.
ఫిబ్రవరి పోయింది, మార్చీ పోయింది.
అమ్ముతారా మేడం అని మొన్న నస్రీన్ ఫోను చేసింది.
వచ్చే వారం చెప్తానన్నాను.
వాయిదా వెయ్యడం
నేను కోర్టులో నేర్చుకున్నదే.