ముప్పావు అంగుళం

మా గోడకు చెమట పట్టింది.
మొదట అరచెయ్యంత,
మర్నాటికి చేటంత,
ఆదివారానికి సున్నం పెచ్చులై
కుట్టుమిషను మీద రాలింది,
అర్జెంటని ఇచ్చిపోయిన జాకెట్టు ముక్క మీద.

ఆ గోడ సగం మాది, సగం కుంతల వాళ్లది.
లోపలి గొట్టం మాత్రం ఎవరిదీ కాదు.
ఇల్లు రెండు వాటాలు కాకముందు
ఎవరో పాతి మరిచిన ఇనుము.
"మీ వైపే కారుతోంది" అందామె ఒడియాలో.
"మీ వైపు నుంచే వస్తోంది" అన్నాను తెలుగులో.
ఎవరి మాట ఎవరికీ అర్థం కాక కాదు.

దండపాణికి కబురు పెట్టాం.
"కాలి" అన్నాడు.
ఒడియాలో నిన్నకీ రేపటికీ అదే మాట.
మూడు రోజులు చూశాక
అతను చెప్పింది నిన్న సంగతేమోనని అనుమానం వచ్చింది.

పర్లాకిమిడిలో కుళాయి
తెల్లారి అయిదున్నరకి దగ్గుతుంది,
ఆరుంబావుకి ఊపిరి వదిలేస్తుంది.
ఆ కాస్త నీళ్లలో సగం గోడే తాగేస్తోంది.
పాత చీర పేలికలు చుట్టాను.
సైకిలు ట్యూబు కోసి బిగించాను.
బట్టల సబ్బు ముద్ద కూరితే
నురగలు కక్కి నవ్వింది గోడ.

పాత్రో గారి కొట్లో
కావలసినదాని పేరు నాకు తెలియదు.
చేతులతో చూపించాను:
ఇటో ముక్క, అటో ముక్క,
ఇదీ తిరగదు, అదీ తిరగదు.
"అలగైతే యూనియన్ గావాల"
గల్లా మీద ఠంగుమని పెట్టాడు.
"పాత ముక్క నడిమికి కోసీయండి,
కొత్తవి రెండు ఎక్కించండి.
ఆటిని కదపక్కర్లేదింక,
నడిమినిదొక్కటే తిరుగుతాది తల్లీ."
ముప్పావు అంగుళం. నూట నలభై.
తెల్ల టేపు పదిహేను.
రెంచీలు రెండు, పూటకి ముప్పై అద్దె.
నార చుట్టక్కర్లేదా అంటే
"అది మా నాయిన కాలం" అన్నాడు.

మా నాన్న కాలంది ఒకటి నా దగ్గరుంది.
గేదె కొమ్ముని కొంగగా నిలబెట్టిన ఆకురాయి,
పదకొండేళ్లుగా మిషను సొరుగులో
బాబిన్ల కింద పడుకుంది.
దాంతో తుప్పు గీస్తుంటే
కొమ్ము పొడి వాసన వస్తుందనుకున్నాను.
రాలేదు. ఇనుము వాసనే.
చెయ్యి మాత్రం, ఎవరు నేర్పారో,
ముందుకు నొక్కి తోసింది,
వెనక్కి తేల్చి తెచ్చింది.

గోడ పగలగొడితే అవతల కుంతల కన్ను.
ఆ కన్ను వెనక పొయ్యి, దాని మీద పొంగుతున్న గంజి.
"ముందు అది దించు" అన్నాను.
గొట్టం నడిమికి కోసి
ఇటు ముక్క నేను విప్పాను, అటు ముక్క ఆమె.
కొత్తవి ఎక్కించి, యూనియన్ నట్టుకి
రెండు వైపులా రెండు రెంచీలు వేసి
"తళకు! తళకు!" అని ఆమె అరిస్తే
కిందికి, కిందికి, ఇద్దరం నొక్కాం.
నట్టు కదల్లేదు.
చెమటలు తుడుచుకున్నాక గాని వెలగలేదు:
గోడకి ఇటు కిందికి పోయేది
అటు పైకి లేవాలి.
నేను నొక్కాను, ఆమె ఎత్తింది.
కిర్రుమంది.

మర్నాడు అయిదున్నరకి గొట్టం దగ్గింది.
కన్నంలో ఇటు నుంచి నా వేళ్లు, అటు నుంచి ఆమె వేళ్లు
నట్టు చుట్టూ తడుముతున్నాయి.
పొడి. పొడి. ఒక బొట్టు.
ఇంకో పావు తిప్పు.
పొడి.
"రాత్రిళ్లు టకటకమనేది నీ మిషనా?
ఇన్నాళ్లూ బల్లి అనుకున్నా" అంది కుంతల.
అంత పెద్ద బల్లా అన్నాను.

దండపాణి వచ్చాడు, ఆరో నాడు.
నట్టుని వేలితో మీటి చూశాడు,
"ఎవరు బిగించారు?"
ఇటు నుంచి నేను, కన్నంలోంచి కుంతల
ఒకేసారి "ఆమె" అన్నాం.
అతను తల గోక్కున్నాడు.
చూసినందుకు ముప్పై రూపాయలన్నాడు.
"కాలి" అన్నాను.