మూత

సోఫా కింద చీపురుకు తగిలింది.
ఎండిన చింతతొక్క అనుకున్నాను,
కళ్ళు కనబడేదాకా.

రాత్రి ఎప్పుడు దూకిందో.
కూలర్ హోరులో మాకేం వినబడుతుంది.

మలక్‌పేటలో అద్దాలు కోసే ఖుద్దూస్ భాయ్
ఐదెమ్మెమ్ అద్దం వెయ్యమన్నాడు.
"మరి గాలి?"
"ఒక మూల తీసేస్తా సార్, వేలు పట్టేంత."
వేలు పట్టే చోట ఈ వేలెడు చేప పట్టదా?
అడగలేదు. కొలతల చీటీ జేబులో పెట్టుకుని మెట్రో ఎక్కాను.

సుమేధ దోమతెర ముక్క తీసింది,
బట్టల క్లిప్పులు నాలుగు.
తెరలోంచి ఈ మే నెల
వారానికి బిందెడు నీళ్ళు తాగిపోతుంది.
తాగనీ, పోసుకుందాం అంది.
నల్లా వచ్చేది రోజు విడిచి రోజని
నేను గుర్తు చెయ్యలేదు.

చిన్నది అద్దానికి ముక్కు ఆనించి చెప్పింది:
"నాలుగు వేళ్ళు నీళ్ళు తగ్గించు నాన్నా,
అప్పుడు గోడే మూత."

రెండూ చేశాం.

అర్ధరాత్రి కరెంటు పోయింది.
కూలరూ గాలి మోటారూ ఒకేసారి ఆగిన నిశ్శబ్దానికి
మెలకువ వచ్చింది.
ఫోను వెలుగులో చూస్తే
మిగిలిన ఐదూ పైకొచ్చి, తెర కింద
నోళ్ళు తెరిచి మూస్తున్నాయి.
దూకడానికా, ఊపిరికా,
నాకు తెలియలేదు.

ఒక క్లిప్పు తీశాను.
కాసేపు చేతిలో పట్టుకుని
మళ్ళీ పెట్టాను.