అది

"మా అమ్మ" మీద అయిదు వాక్యాలు రాయమన్నాను.
ఎనిమిదో తరగతి గేదెల హైమ నాలుగే రాసింది:
మై మదర్ వర్క్స్ ఇన్ జూట్ మిల్.
ఇట్ గోస్ ఎట్ ఫైవ్.
ఇట్ కమ్స్ ఎట్ టూ.
ఇట్ ఈజ్ నాట్ స్పీకింగ్.

నెల్లిమర్లలో ఆ పూట ముసురు.
స్టాఫ్‌రూంలో కరెంటు లేదు.
కిటికీ దగ్గరకు బల్ల లాక్కుని
మూడు ఇట్లనీ ఎర్రగా కొట్టేసి
పైన షీ, షీ, షీ అని పెట్టాను,
సంతలో పుచ్చు వంకాయలు ఏరేసినంత తేలిగ్గా.

తిరకాసు పిల్లలో లేదు, మన క్రియలో ఉంది.
వాన వచ్చింది, బస్సు వచ్చింది,
దూడ వచ్చింది, అమ్మ వచ్చింది.
నాన్న ఒక్కడే వచ్చాడు.
పాపం, ఆ "ఇంది" తోక పట్టుకుని
చంపావతి దాటినట్టు ఇంగ్లీషులోకి దాటబోయింది.

మర్నాడు బోర్డు మీద మూడు గళ్లు గీశాను.
హీ. షీ. ఇట్.
ప్రాణం లేనిదానికి ఇట్, జంతువుకి ఇట్.
"మా ఆవు పేరు సింగారమండి, దానికీ ఇట్టేనా?"
వెనకబెంచి గుంటలు కిసుక్కుమన్నారు.
పేరున్న ఆవుకి షీ రాసుకో అన్నాను,
పుస్తకం ఏమందో చూడకుండానే.

యూ దగ్గర అందరికీ సంబరం.
నువ్వూ యూ, మీరూ యూ, తమరూ యూ.
"కలెక్టరుగారినీ?"
ఆయన్నీ.
"మిల్లు మేస్త్రీనీ?"
వాడినీ, అని నోరు జారాను.
క్లాసంతా బల్లలు చరిచింది.

వుయ్ దగ్గర మాత్రం నేనే ఆగాను.
మేమా, మనమా?
మేం తినేశాం. రండి, మనం తిందాం.
ఈ రెంటి మధ్య గుమ్మం ఆ భాషకి లేదు.
లేకపోవడం మంచిదో చెడ్డదో
ఇరవై రెండేళ్లుగా పాఠం చెబుతూ తేల్చుకోలేదు.

హైమ ఇంకా నిలబడే ఉంది.
"మా అయ్య అమ్మని అదనే అంతాడండి.
అదేదీ, ఎక్కడికెల్నాది అని.
నానూ అలగే రాసినాను."

జవాబు వెతుక్కుంటుంటే జేబులో ఫోను,
గ్యాసు బండి కుర్రాడు.
"అది ఇంట్లో లేదురా, పక్కింట్లో దింపెయ్" అన్నాను.
పెట్టేసి తలెత్తితే
క్లాసు క్లాసంతా
బోర్డు మీద మూడో గడి చూస్తోంది.
సుద్దముక్క చేతిలో చెమ్మగిల్లింది.
తుడిచే గుడ్డ ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదు.

రెండింటికి మిల్లు కూసింది.
ప్రహరీ పక్కనించి ఆడవాళ్లు,
కనుబొమల మీద కూడా నారపొడి,
తడవకుండా నెత్తిన మడిచిన గోనెసంచి.
"షీ..." అని మొదలెట్టి,
ఆగి,
ఊచల్లోంచి వేలు చాపింది హైమ.
"అదిగోనండి, మా యమ్మ!"

ఎర్రపెన్ను జేబులోనే ఉంది.
తియ్యలేదు.