పేరుమోసినవాడు

రేకు డబ్బాలో పద్నాలుగు పేపరు ముక్కలున్నాయి.
ఒక్కదాన్లోనూ మా ఇంటిపేరు లేదు.

ఒహాయో నది పక్కన ఉక్కు కార్ఖానా.
ఆరు రోజులు కొలిమి ముందు
మా నాన్న ఆంబ్రోస్ విల్చెక్.
ఏడో రోజు రైలెక్కితే
దిగేచోట ఇంకెవడో.
కొత్త పేరు పెట్టెలోనే చెవిలో ఊదేవాడు మేనేజరు,
ఉయ్యాల్లో బిడ్డకి చెప్పినట్టు.

ఒక ఊళ్ళో డోలన్. ఇంకో ఊళ్ళో స్టోన్.
ఒకసారి టికెట్లమ్మేవాడు తొందర్లో
తన బావమరిది పేరే రాసేశాడట.
ఆదివారం ఆట సంగతి ఫోర్‌మన్‌కి తెలిస్తే పని పోతుంది,
చర్చిలో ఫాదర్‌కి తెలిస్తే పరువు పోతుంది.
ఎముక పోతే మాత్రం అడిగే నాథుడు లేడు.

ఆటకి పదిహేను డాలర్లు. వాన పడితే
టోపీ తిప్పగా రాలినంత.
ఆ చిల్లర బల్లమీద బోర్లించి
అమ్మ ముందుగా చొక్కా బొత్తాములు ఏరేది.
అవీ దాచేది.

సోమవారం తెల్లారకముందే
బురద తాగిన ఉన్ని జెర్సీని
చెరో కొసా పట్టుకుని పిండేవాళ్ళం.
తడిసిన గొర్రెంత బరువు.
నీళ్ళు ముందు నల్లగా, తర్వాత ఎర్రగా.
ఎరుపు గురించి అమ్మ ఎన్నడూ అడగలేదు,
సబ్బు ఎంతరిగిందో చూసుకునేది.

‘డోలన్ గోడలా నిలబడ్డాడు’ అని రాసింది పేపరు.
ఆ గోడ మా వంటింట్లో కూలబడి
బూటు ముడి విప్పమని నాకు కాలు చాపేది.
వేళ్ళు వంగేవి కావు.

ఒక నవంబరులో నన్నూ తీసుకెళ్ళాడు.
అరవై గజాలు పరిగెత్తాడు,
బంతి చంకలో, ఒకడు వీపుమీద.
కంచె పట్టుకుని ‘నాన్నా’ అనబోయి మింగేశాను.
జనమంతా స్టోన్! స్టోన్! అంటున్నారు.
నేనూ అదే అరిచాను.
అంత గోలలో నావైపు తిరిగి చూశాడు.
అక్కడే దొరికిపోయాడు.
గీత ఇంకా ఐదు గజాలుంది.

దారంతా ఆ మాటెత్తలేదు. నాకు వేయించిన వేరుశనక్కాయలు కొనిపెట్టాడు.

ముప్పైనాలుగేళ్ళకి మోకాలు చాలంది.
తర్వాతెప్పుడో పెద్ద మైదానాలొచ్చాయి,
ఎవరి పేరు వాళ్ళే వీపుమీద కుట్టించుకున్నారు.
ఆయన తోలు టోపీలో
అమ్మ చాలాకాలం ఉల్లిపాయలు పోసింది.

ముత్తాత పేరుమోసిన ఆటగాడా అని
మొన్న మనవడు అడిగాడు.
మోశాడు నాయనా,
ఒకటి కాదు, ఐదారు.
సొంతది కావాలంటే
అదిగో, పళ్ళ డాక్టరు బిల్లు మీద ఉంది.
రెండు డాలర్లు ఇంకా బాకీ.