రెండున్నర దినాలు

బండి ఆదివారం పొద్దుగాల ఢిల్లీల దింపుతది.
మంగళవారం నాలుగింటికి మళ్లా ఎక్కాలె.
మధ్యల సోమవారం:
మ్యూజియం బంద్, ఎర్రకోట బంద్.
టికెట్లు తీసినంక తెలిసింది మాకు.

షాహీన్ ఫోన్ల చూసి చదువుతున్నది,
జామకాయల లెక్క రాసే బుక్కుల నేను రాస్తున్న.
కుతుబ్ మినార్, రెండు గంటలు.
హుమాయూన్ సమాధి, గంటన్నర.
ఎర్రకోట, మూడు.
యాదలక్ష్మి మోకాళ్లకు ఎంతసేపో
ఎక్కడా రాసి లేదు.

ఎంతసేపు పడుతదమ్మా?
పద్దెనిమిదేండ్ల సంది వింటున్న ఈ మాట,
ఖిలా వరంగల్ల, తోరణం ఎదురుంగ, నా బండి కాడ.
కార్లు ఆగుతయి, ఇంజిన్లు ఆగవు.
కాయ కోసి ఉప్పుకారం చల్లుతుంటే అడుగుతరు.
రామప్పకు పోవాలె, లక్నవరం పోవాలె,
చీకటి పడకముందే హైదరాబాద్ పట్టుకోవాలె.
"అర్ధగంట చాలు సారూ" అంట.
వాళ్ల మొఖాలు తేటపడుతయి.
అబద్ధం గాదు.
అర్ధగంటల నాలుగు తోరణాల కింద నాలుగు ఫోటోలు దిగొచ్చు,
ఖుష్ మహల్ మెట్లెక్కి దిగొచ్చు,
ఒక జామకాయ ఒడగొట్టచ్చు.

నాకే ఇంకా ఒడువలేదు.
పదేండ్లు ఒక రాయి మీద కూసోని సద్ది తిన్న.
ఏనుగు ముక్క అనుకున్న.
ఒకనాడు మాపటీలి ఎండ వాలుగ పడ్డప్పుడు చూస్తే
ఆడిమనిషి మడిమె. దానికో అందె.
మిగతా మనిషి ఏడున్నదో.
అప్పటిసంది బేరం లేనప్పుడల్లా
రాళ్ల నడుమ ఆమె మోచెయ్యి కోసం దేవులాడుత.
"ఢిల్లీ మ్యూజియంల ఉన్నదేమో అక్కా"
నవ్వింది షాహీన్.
నేను నవ్వలేదు. రాసుకున్న.
ఆదివారం, మ్యూజియం, మడిమె లేని ఆడిమనిషి.

మాదీ ఒకప్పుడు రాజధానేనట.
ఇప్పుడు దాని నడుమ మా మిరపకాయలు ఎండుతయి.
అప్పట్ల ఢిల్లీయే మా ఊరు చూడ వచ్చింది,
ఒక్కసారి గాదు.
మట్టికోట బయట గుడారాలేసుకొని
నెలల కొద్దీ కూసున్నదట.
ఎంతసేపు పడుతదని
ఎవలనూ అడిగినట్టు లేదు.

ఇప్పుడు మేం పోతున్నం.
ముగ్గురం, స్లీపర్ల, వెయిటింగ్ లిస్టు పదకొండు.
మూడు దుప్పట్లు, మోకాళ్ల నూనె, సకినాల డబ్బా.

సోమవారానికి ఏదన్న తెరిచి ఉన్నదా అని
దేవులాడంగ దేవులాడంగ తుగ్లకాబాద్ దొరికింది.
మా గోడలు దాటి లోపలికొచ్చిన కొడుకుకు
తండ్రి కట్టిచ్చుకున్న కోట అట.
బొమ్మ చూపెట్టింది.
కూలిన గోడలు, ముండ్లచెట్లు,
మీద ఎవలూ లేని ఎండ.
"ఏమున్నదక్కా అక్కడ? రాళ్లే గద."
ఆ మాట కూడ నాకు ఎరుకే.

కుతుబ్ మినార్ కొట్టేసిన.
అంత పొడుగుంటే బస్సులకెల్లి కనపడకపోతదా.
హుమాయూన్‌ను కొట్టేస్తుంటే షాహీన్ చెయ్యి పట్టుకున్నది,
సరే, ఉండనియ్యి.
ఎర్రకోట కాడ యాదలక్ష్మి అడ్డం పడ్డది.
ఐదువందల నోటెన్క బొమ్మ అదే గద అంటే
అందుకే చూడాలె అన్నది.
నోటు పట్టుకొని దాని ముంగట నిలబడాలెనట,
రెండూ ఒక్కతీరే ఉన్నయా లేదా అని.
మంగళవారం పొద్దున, నోటు యాదలక్ష్మిదే.

సోమవారం మాత్రం నాది.
ఆ కూలిన కోట దర్వాజ కాడ
ఎవతో ఒకతి ఉంటది, ఏదో ఒక కాయ కోసుకుంట.
షాహీన్‌తోని హిందీల అడిగిస్త,
ఎంతసేపు పడుతదమ్మా అని.
అర్ధగంట చాలు అన్నదనుకో,
రెండు కాయలు కొని
ఆమె పక్కపొంటనే కూసుంట,
ఎండ వాలుగ పడేదాక.