చేబదులు

కాగితం మీద రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం.
ఆరు వారాలకోసారి లాడాలు,
చలికాలం రాత్రికి రెండు మోపుల ఎండుగడ్డి,
పళ్ల డాక్టరు ఖర్చు చెరిసగం,
వద్దనుకుంటే రెండు నెలల ముందు చెప్పాలి.
గుర్రం మాత్రం ఆమెదే.
హెలెద్ కళ్లజోడు తుడుచుకుంటూ
"ఇంకేమైనా మరిచానా, నెరిస్?" అంది.
మరిచింది చాలా ఉందని అప్పటికి ఇద్దరికీ తెలీదు.

ఆమెకి తుంటి ఎముక మార్చారు,
ఏడాది దాకా జీను మాటెత్తొద్దన్నారు.
నేను లాంపీటర్ బస్సు నడుపుతాను.
యాభై ఆరేళ్లు గుర్రాల్ని అద్దంలోంచే చూశాను.
దారికడ్డంగా వస్తే హారన్ కొట్టకుండా ఆగేదాన్ని,
అదే నా అర్హత.

ట్రీయోగ్ దాని పేరు.
మా వేల్స్ మాటలో ముదురు పాకం.
రంగూ అదే, నడకా అదే.
పందొమ్మిదేళ్ల తట్టువ,
డెక్కల మీద వెంట్రుకలు తడిసిన చీపుళ్లలా.

మొదటి వారం అదే నన్ను తిప్పింది.
చాపెల్ గోడ దగ్గర టక్కున ఆగింది.
మడమ ఆనించాను, బతిమాలాను. ఊహూఁ.
ముసలి ఇద్రిస్ తలుపు తీసుకుని
పిప్పరమెంటు పట్టుకుని వచ్చేశాడు,
నన్ను చూసి తికమకపడి
"హెలెద్ ఎలా ఉంది?" అంటూ
గుర్రానికే పెట్టాడు.

అలా తెలిసింది నాకు,
ఏ వాగు దగ్గర ఆమె నీళ్ల చప్పుడు వినేదో,
మొగుడు పోయిన ఏడాది
ఏ గేటు దగ్గర దిగి నిలబడేదో.
అక్కడ ట్రీయోగ్ తల వెనక్కి తిప్పి
నా మోకాలు వాసన చూసింది,
ఏం, దిగవా? అన్నట్టు.
దిగాను.
ఎవరి దుఃఖమో తెలీకుండానే
కాసేపు గేటు పట్టుకుని నిలబడ్డాను.

అరువు సొమ్ము ఒంటికి బరువంటారు.
నేను అయిదు కిలోలు తగ్గాను.
బస్సెక్కే పిల్లలు ముక్కు మూసుకుని నవ్వుతారు.
సెంటు కొనడం మానేశాను.

జనవరిలో ఓ రాత్రి దానికి కడుపునొప్పి.
పడుకోనివ్వకూడదట,
టార్చిలైటు పట్టుకుని మంచులో నడిపించాను.
హెలెద్ నైట్‌గౌను మీద వానకోటు తొడుక్కుని
కర్ర ఊతంతో వచ్చి
బకెట్టు బోర్లించి కూర్చుంది.
ఎవరి గుర్రం అన్న మాట ఆ రాత్రి రాలేదు.
నాలుగింటికి పేడ వేసింది.
ఇద్దరం చప్పట్లు కొట్టాం.

మేలో ఆమె కర్ర లేకుండా వచ్చింది.
నా గుండె జారింది.
రెండు నెలలంటే జూలై, అని లోపల లెక్క.
మాలీషు బ్రష్షు చేతిలో అలాగే ఉండిపోయింది.
హెలెద్ దాని మెడ నిమిరి,
నాలుగు డెక్కలూ ఎత్తి చూసి,
గొంతు సవరించుకుంది.
"బుధవారాలు నీకు పొద్దంతా డ్యూటీ కదా.
ఆ ఒక్కరోజు నాకు అరువిస్తావా?"
తన గుర్రాన్నే.
లాడాల్లో ఏడో వంతు ఇస్తానని బేరం కూడా ఆడింది.

మొన్న బుధవారం,
డిపోలో టీ తాగుతుంటే ఫోను.
అవతల గాలి హోరు.
"ఇదేంటి నెరిస్, వంతెన బస్టాపు దగ్గర ఆగిపోయింది!
గేటు లేదు, ఇద్రిస్ లేడు,
ఖాళీ బెంచీ ఒకటుంది, అంతే.
ఇక్కడ నువ్వేం చేస్తావు?"

ఏం చేస్తాను?
బస్సు టైముకన్నా ముందొస్తే
అక్కడ ఇంజను ఆపి కొండ కేసి చూస్తాను.
గుర్రం మీదున్నా పోలేదు ఆ అలవాటు.
"ఒక్క నిమిషం ఓపిక పట్టు, అదే కదులుతుంది" అన్నాను.

"సరే" అంది.
ఫోను పెట్టెయ్యలేదు.
ట్రీయోగ్ ముక్కు చీదడం వినపడింది,
తర్వాత చాలాసేపు గాలి.